పది రోజులు ఆలస్యం

రావలసిన తేదీకి ఉరుకుందమ్మ రాలేదు.
రిజిస్టర్లో ఆమె గడి
పది రోజులు ఖాళీగానే ఉంది.

పదకొండో రోజు పొద్దున
తుగ్గలి బస్సు దిగి నేరుగా ల్యాబుకే వచ్చింది,
కాలి గోళ్ల సందుల్లో ఎర్రమన్నుతో.
"వాన పడె గదమ్మా" అంది.
కారణమూ అదే, క్షమాపణా అదే.

కర్నూలు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.
తొలకరి నాలుగు చినుకులు రాలితే చాలు
జొన్నగిరి చేలల్లో నడుములన్నీ వంగిపోతాయి.
గొడుగులు, సద్దిమూటలు, చంకన పిల్లలు,
తడిసిన చాళ్లలో మెరిసేదాని కోసం
పొద్దు గూకేదాకా కళ్లు నేలకే.
వజ్రం దొరికినవాడి కథ మండలమంతా తిరుగుతుంది.
దొరకనివాళ్ల నడుమునొప్పికి కథ లేదు.

"ఏమన్నా దొరికిందా?"
"గాజుపెంకు దొరికె. దాన్ని గూడా
షావుకారికి జూపిస్తి" అని నవ్వింది.
అడక్కముందే కుడిచెయ్యి చాపింది.
ఎడమ చెయ్యి ఇక సూదికి ఇవ్వకూడదు.
ఆ వైపు రొమ్ముతో పాటు
చంకలో గడ్డలూ తీసేశారు.

కీమోకు మాడిన నరం.
రెండుసార్లు తట్టాను, వేలికొనతో వెతికాను.
మూడోసారి దొరికింది.
పసుపు మూత సీసాలోకి
ఐదు మిల్లీలీటర్ల ఉరుకుందమ్మ.

అరగంట కదపకుండా ఉంచాలి, గడ్డకట్టాలి.
యంత్రం గిరగిరా తిప్పాక
ఎరుపంతా అడుక్కు పోతుంది.
పైన సీరం, గంజి మీది తేటలా.
అందులో ఎక్కడో ఒక ప్రొటీన్,
కణితి తన ఒంటి మీంచి
విదిల్చి పారేసే నూగు.
సరైన పేరు కూడా లేదు దానికి,
రెండక్షరాలూ రెండు సంఖ్యలూ.

నేనూ నడుము వంచుతాను.
నేను వెతికేదీ మెరిసేదాన్నే.
అది ఉన్నచోట మా యంత్రంలో
నిజంగానే వెలుగు పుడుతుంది,
కంటికి ఆననంత వెలుగు.
పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో
వెలుగు తక్కువ రావాలని
నేను మొక్కుకునే గది ఇదొక్కటే.

పోయినసారి అడిగింది:
"ఈ లెక్క మా బోరు పాయింటు సుమంటిదేనామ్మా?
అరచేతిలో టెంకాయ లేచి నిలబడె.
రెన్నూర్ల అడుగుల్లో గంగ ఉండాదనె.
ఏడునూర్లు తోలిస్తిమి. దుమ్మే లేసె."

జవాబు చెప్పడం నా పని కాదు.
డాక్టరమ్మ చెప్పింది:
ఒక్క అంకెతో ఏమీ తేలదు,
నాలుగైదు పక్కపక్కన పెట్టి
నడక చూడాలి.
ఉరుకుందమ్మ తలూపింది.
"మేకను కొనేటప్పుడూ అంతే.
నిలబెట్టి జూడగూడదు, నడిపించి జూడల్ల."

నలభై ఆరు.
ముప్పై మూడు.
ఇరవై ఏడు.
ఈరోజు, ఇరవై తొమ్మిది.

గీతకు లోపలే ఉంది.
అయినా రెండు పెరిగింది.
రెండంటే ఏమిటి?
యంత్రం వణుకా?
పది రోజులు వంగిన ఒంటి అలుపా?
మళ్లీ పెట్టాను, ఎవరూ అడక్కపోయినా.
ఇరవై ఎనిమిదిన్నర.
ఆ అర దగ్గర కాసేపు కూర్చుండిపోయాను.

బయట బెంచీ మీద ఆమె
కొర్రన్నం మూట విప్పుకుని తింటోంది.
నన్ను చూసి ముద్ద ఆపింది.
"ఏమన్నా దొరికిందా?"

గాజుపెంకే అని చెప్పాలనిపించింది.
ఏ పెంకో తేల్చే షావుకారిని కాను నేను.
"డాక్టరమ్మకు చూపించు, రెండు గంటల్లోపే ఉంటుంది" అన్నాను.
కాగితం మడిచి కొంగున ముడేసుకుంది.
ముడిలో అప్పటికే ఏదో ఉంది,
నొక్కి చూసుకుని ఇంకోసారి బిగించింది.

మూడు నెలల తర్వాత తేదీ రాయాలి.
అప్పటికి శెనక్కాయ పీకే రోజులు.
రాశాను.
ఆ గడి పక్కన
పది రోజుల ఖాళీ
ఈసారి నేనే వదిలాను.